రెండొందల పౌండ్లు... ఒక కొడుకు

దయ్యం ఎక్కడా కనిపించని దయ్యం కథ 'కోతి చెయ్యి'. అచ్చయి 120 ఏళ్లు దాటినా ఇంకా ఎందుకు వణికిస్తోంది? రాసినాయన బతుకులోకి తొంగి చూస్తే జవాబు దొరుకుతుంది.

ఇంటి బాకీ తీరాలి. ఆ ముసలాయన కోరుకున్నది అంతే. రాజ్యం అడగలేదు, వజ్రాలు అడగలేదు. ఇంటి మీద మిగిలిన బాకీకి సరిపడా రెండొందల పౌండ్లు అడిగాడు. మర్నాడు ఆ డబ్బు పైసా తగ్గకుండా వచ్చింది. కబురు మోసుకొచ్చినవాడు దయ్యమూ కాదు, భూతమూ కాదు. కొడుకు పనిచేసే కంపెనీ మనిషి.

ఇంగ్లీషులో భయపెట్టే కథలకు కొదవలేదు. రక్తం తాగే ప్రభువులు, సమాధుల్లోంచి లేచే శవాలు, పాడుబడ్డ కోటలు... బోలెడు. వాటిలో చాలావాటిని ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. కానీ డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' మాత్రం అలా కాదు. పట్టుమని పదిహేను పేజీలు ఉండదు. నాటకమైంది, సినిమాలైంది, ఎన్నో దేశాల్లో పిల్లల ఇంగ్లీషు పాఠమైంది. చదివిన ప్రతివాళ్లకూ ఆఖర్లో ఆ తలుపు చప్పుడు గుర్తుండిపోతుంది.

దేశం విడిచి పనికి వెళ్లినవాళ్లకు ఈ కథ ఇంకాస్త బాగా గుర్తుంటుంది. ఎందుకో తెలియాలంటే ముందు కథలోకి వెళ్లాలి.

వాన కురిసిన రాత్రి

ఇంగ్లండులో ఓ మూల, ఊరికి దూరంగా ఒక చిన్న ఇల్లు. బయట జోరువాన, చలి. లోపల పొయ్యి దగ్గర తండ్రీ కొడుకులు చదరంగం ఆడుతుంటారు. తల్లి పక్కన కూచుని అల్లుకుంటూ ఉంటుంది. తండ్రి పేరు వైట్. కొడుకు హెర్బర్ట్. పుట్టిన పిల్లల్లో వాళ్లకు మిగిలింది అతనొక్కడే. ఫ్యాక్టరీలో పని. ఇల్లు నడిచేది అతని సంపాదన మీదే అని కథ చదువుతుంటే అర్థమవుతుంది.

ఆ రాత్రి ఓ చుట్టం లాంటి స్నేహితుడు వస్తాడు. సార్జెంట్ మేజర్ మోరిస్. 21 ఏళ్లు ఇండియాలో పటాలంలో పనిచేసి వచ్చినవాడు. ఒకప్పుడు గిడ్డంగిలో పనిచేసిన బక్క కుర్రాడు, ఇప్పుడు ఎర్రటి మొహంతో నిండుగా తయారయ్యాడు. గ్లాసు మీద గ్లాసు ఖాళీ అవుతుంటే యుద్ధాలు, జబ్బులు, వింత మనుషుల గురించి చెప్తుంటాడు. వైట్‌కి నోరూరిపోతుంది. నేనూ ఒకసారి ఇండియా చూసొస్తే బాగుండు అంటాడు. ఉన్నచోటే సుఖం అని మోరిస్ తల అడ్డంగా ఊపుతాడు.

అప్పుడు జేబులోంచి తీస్తాడు ఎండిపోయిన కోతి చెయ్యి. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడట. మనిషి బతుకును నడిపేది విధి అనీ, దానికి అడ్డం వెళ్తే ఏడుపే మిగులుతుందనీ చూపించడానికి వేశాడట. ముగ్గురు మనుషులకు తలా మూడు కోరికలు తీరుస్తుంది. మొదటివాడు కోరుకున్న ఆఖరి కోరిక చావు. రెండోవాడు మోరిస్. అతని కోరికలు తీరాయా అంటే తీరాయి. ఏం కోరుకున్నావంటే మాత్రం మొహం పాలిపోతుంది, మాట దాటేస్తాడు. చివరికి ఆ చేతిని తీసి మంటల్లో పడేస్తాడు. వైట్ గబుక్కున వంగి బయటికి లాగేస్తాడు.

జోకు వేసింది కొడుకే

మోరిస్ వెళ్లిపోయాక ఇంట్లో నవ్వులాట. అసలు మనకేం తక్కువ, ఏం కోరుకోవాలి అని ముసలాయన ఆలోచనలో పడతాడు. ఇంటి బాకీ తీరితే నీకు చాలు కదా నాన్నా, రెండొందల పౌండ్లు అడుగు అంటాడు హెర్బర్ట్. తండ్రి సిగ్గుపడుతూనే కోరుకుంటాడు. చేతిలో అది పాములా మెలి తిరిగిందని కేక పెడతాడు. అంతకుమించి ఏమీ జరగదు. డబ్బు రాలేదు.

పొద్దున్నే హెర్బర్ట్ నవ్వుకుంటూ పనికి బయల్దేరతాడు. నేను వచ్చేదాకా ఆ డబ్బు ముట్టుకోకండని హాస్యమాడి వెళ్తాడు. పోస్ట్‌మన్ తలుపు కొడితే తల్లి పరిగెత్తుకెళ్తుంది. తీరా చూస్తే దర్జీ బిల్లు.

మధ్యాహ్నం ఇంటి ముందు ఒక కొత్త మనిషి తచ్చాడుతుంటాడు. మంచి బట్టలు, తళతళలాడే పట్టు టోపీ. గేటు దాకా వస్తాడు, ఆగుతాడు, వెనక్కి పోతాడు. మూడుసార్లు అలా చేసి, నాలుగోసారి గుండె చిక్కబట్టుకుని లోపలికొస్తాడు. మా అండ్ మెగిన్స్ కంపెనీ నుంచి వచ్చానంటాడు. హెర్బర్ట్ యంత్రంలో చిక్కుకుపోయాడు. ఈ ప్రమాదంతో కంపెనీకి బాధ్యత లేదు. అయినా మీ అబ్బాయి చేసిన సేవను దృష్టిలో పెట్టుకుని కొంత సొమ్ము ఇవ్వాలనుకుంటున్నారు. నేను వాళ్ల దగ్గర జీతగాణ్ణి, చెప్పమన్నది చెప్తున్నానని కూడా ఓ మాట అనేస్తాడు.

ఎంత అని తండ్రి అడుగుతాడు. గొంతు పెగలదు. పెదాలు మాత్రం కదులుతాయి.

రెండొందల పౌండ్లు.

తలుపు అవతల ఎవరు?

కొడుకును రెండు మైళ్ల దూరంలోని శ్మశానంలో పూడ్చిపెట్టి వస్తారు. ఇల్లు నిశ్శబ్దం. ఓ రాత్రి తల్లి ఏడుస్తూ ఏడుస్తూ ఉలిక్కిపడి లేస్తుంది. ఇంకా రెండు కోరికలు ఉన్నాయి కదా! వెళ్లు, ఆ చెయ్యి తీసుకురా, మన బిడ్డను బతికించమని కోరుకో అంటుంది. ముసలాయన వణికిపోతాడు. చనిపోయి పది రోజులైంది. యంత్రం నలిపేసిన శవాన్ని ఆయన చూశాడు, బట్టలను బట్టి గుర్తుపట్టాడు. ఆమె చూడలేదు. అదే తేడా. కానీ తల్లి వినదు. కోరుకుంటాడు.

కొవ్వొత్తి ఆరిపోతుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వీధి తలుపు మీద చిన్న చప్పుడు. ఎవరో మునివేళ్లతో తట్టినట్టు. మళ్లీ. ఇంకాస్త గట్టిగా. నా కొడుకే అంటూ తల్లి మెట్లు దిగి పరిగెడుతుంది. కింది గడియ తీస్తుంది, పై గడియ అందదు, కుర్చీ లాక్కుంటుంది. ఇవతల తండ్రి చీకట్లో నేల మీద పాకుతూ ఆ కోతి చెయ్యి కోసం తడుముకుంటూ ఉంటాడు. పై గడియ ఊడుతున్న క్షణంలో దొరుకుతుంది. మూడో కోరిక కోరుకుంటాడు. ఏం కోరుకున్నాడో రచయిత చెప్పడు. చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది. తల్లి గుండెలవిసేలా ఏడుస్తుంది. బయట ఖాళీ రోడ్డు, మిణుకుమిణుకుమనే వీధి దీపం. అంతే.

జాగ్రత్తగా చూస్తే ఈ కథలో మంత్రం పనిచేసిందని ఎక్కడా రుజువు లేదు. ఫ్యాక్టరీలో ప్రమాదాలు మామూలే. కంపెనీలు ఎంతో కొంత సొమ్ము చేతిలో పెట్టడమూ మామూలే. రాత్రి తలుపు కొట్టింది ఎవరో మనం చూడలేదు. అంటే భయమంతా మామూలు విషయాల్లోంచే పుట్టింది. ఆ మామూలు విషయాలు జేకబ్స్‌కి ఎక్కణ్నుంచి వచ్చాయన్నదే ఇప్పుడు అసలు సంగతి.

రేవులో పెరిగిన పిల్లాడు

విలియం వైమార్క్ జేకబ్స్ 1863 సెప్టెంబర్ 8న లండన్‌లోని వాపింగ్‌లో పుట్టాడు. థేమ్స్ నది ఒడ్డున ఓడలూ గిడ్డంగులతో కిటకిటలాడే పేట అది. తండ్రి ఒక రేవులో మేనేజరు. పేరుకు మేనేజరే గానీ ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని జీతం. తల్లి సోఫియా ఈయన చిన్నతనంలోనే చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు ఇంకా పెరిగారు.

విల్ అని పిలిచే ఈ కుర్రాడు సిగ్గరి. నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. కానీ చెవులు మాత్రం పెద్దవి. తండ్రి రేవుకు వచ్చే సరుకు ఓడల మనుషుల్ని చూస్తూ, వాళ్ల మాటలు వింటూ పెరిగాడు. పెద్దయ్యాక రాసిన కథల్లో సగానికి పైగా వీళ్లే ఉంటారు. కెప్టెన్లు, కళాసీలు, వంటవాళ్లు. రేవులో రాత్రి కాపలా కాసే ముసలి వాచ్‌మన్ నోట చెప్పించిన కథలు ఆయనకు బాగా పేరు తెచ్చాయి.

అన్నట్టు, జేకబ్స్‌ని ఆ రోజుల్లో జనం హాస్య రచయితగానే ఎరుగుదురు. 1896లో వచ్చిన మొదటి పుస్తకం 'మెనీ కార్గోస్' నవ్వుల పుస్తకమే. 'స్ట్రాండ్' పత్రికలో ఆయన కథ, పక్కన విల్ ఓవెన్ బొమ్మ ఉంటే పాఠకులకు పండగే. నవ్వించడానికే బతికిన మనిషిని లోకం ఒక్క ఏడుపు కథతో గుర్తుపెట్టుకుంది. 'కోతి చెయ్యి'లో కూడా మొదటి సగమంతా సరదా మాటలే. ఆ ఇంట్లో అందరూ నవ్వుతూ ఉండటం వల్లే ఆ మధ్యాహ్నం వచ్చిన కబురు మన గుండెల్లో అంత గట్టిగా దిగుతుంది.

పులి తప్పించుకున్న వీధి

ఇంతకీ ఇంగ్లండులోని ఓ ఇంట్లోకి ఇండియా కోతి చెయ్యి ఎలా వస్తుంది? వాపింగ్ సంగతి తెలిసినవాళ్లకు అది వింతేం కాదు.

1805లో లండన్ డాక్స్ తెరిచినప్పటి నుంచీ దూరదేశాల సరుకంతా ఆ చుట్టుపక్కల దిగేది. వైను, పొగాకు, ఉన్ని, మసాలాలు, ఏనుగు దంతాలు. ఓడల మీద కూలికి వచ్చిన మన దేశపు లాస్కర్లు కూడా ఆ వీధుల్లో తిరిగేవాళ్లు. తిరుగు ఓడ దొరక్క, చేతిలో చిల్లిగవ్వ లేక చలిలో చనిపోతున్నారని గోల పుట్టి, 1857లో దగ్గర్లోని లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ఒక ఆశ్రయం తెరవాల్సి వచ్చింది. పరాయి దేశంలో పనివాడి బతుకు ఎలా ఉంటుందో ఆ పేటకు బాగా తెలుసు.

వాపింగ్‌ను ఆనుకుని రాట్‌క్లిఫ్ హైవే అనే వీధి ఉండేది. అక్కడ చార్లెస్ జామ్రాక్ అనే వ్యాపారి దుకాణం పెట్టాడు. ఓడల వాళ్లు తెచ్చిన కోతులు, చిలకలు, పులులు, సింహాలు, ఇంకా వింత వస్తువులు కొని అమ్మేవాడు. 1857లో అతని పులి ఒకటి పెట్టె బద్దలు కొట్టుకుని రోడ్డెక్కింది. ముద్దొచ్చి నిమరబోయిన ఓ చిన్న పిల్లాణ్ని నోట కరుచుకుంది. జామ్రాక్ వెంటపడి పిల్లాణ్ని ప్రాణాలతో విడిపించాడు. కేసు కోర్టుకెక్కింది. 300 పౌండ్లు కట్టాల్సి వచ్చిందనీ, అందులో పిల్లాడికి దక్కింది 60 అయితే లాయర్లు మింగింది 240 అనీ జామ్రాక్ తర్వాత రాసుకున్నాడు. నష్టపరిహారం అన్న మాట ఆ వీధికి అప్పటికే కొత్త కాదన్నమాట.

అదే ఒడ్డున ఎగ్జిక్యూషన్ డాక్ ఉండేది. సముద్రపు దొంగల్ని నీళ్ల అంచున ఉరితీసే చోటు. 1701లో కెప్టెన్ కిడ్‌ను అక్కడే ఉరితీశారు. ఆఖరి ఉరి 1830లో. జేకబ్స్ పుట్టేనాటికి అది 33 ఏళ్ల కిందటి ముచ్చట. అంటే చూసినవాళ్లు ఇంకా బతికి ఉండే కాలం. భయం కథలు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి పేట ఏముంటుంది?

పొదుపు బ్యాంకు గుమాస్తా

పదహారేళ్లకే, 1879లో, జేకబ్స్ సర్కారు గుమాస్తాగా చేరాడు. 1883 నుంచి 1899 దాకా పోస్టాఫీసు పొదుపు బ్యాంకు విభాగంలో పని. ఆ బ్యాంకు 1861లో పెట్టిందే చిన్నవాళ్ల కోసం. పనిమనుషులు, కూలీలు, చిల్లర వ్యాపారులు షిల్లింగు షిల్లింగు పోగేసి దాచుకునే చోటు. జేకబ్స్‌కి ఆ ఉద్యోగం జైలులా ఉండేది. అయినా వదల్లేదు. నెల జీతం వదులుకోవడం అంటే ఏంటో పేదింట్లో పెరిగినవాడికి తెలుసు. సాయంత్రాలు కథలు రాసుకున్నాడు. రెండు మూడు పుస్తకాలు బాగా అమ్ముడుపోయాక గానీ 1899లో రాజీనామా ఇచ్చే ధైర్యం రాలేదు. ఆ మరుసటి ఏడాది ఎలినోర్ విలియమ్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇంకో రెండేళ్లకు 1902 సెప్టెంబరులో హార్పర్స్ మాసపత్రికలో 'కోతి చెయ్యి' అచ్చయింది. అదే ఏడాది 'ద లేడీ ఆఫ్ ద బార్జ్' సంపుటిలో చేరింది. 1903లో లండన్‌లో నాటకంగా రంగస్థలం ఎక్కింది.

ఇప్పుడు కథలోని కోరికను మళ్లీ చూడండి. వేరే రచయిత అయితే ముసలాయన చేత లక్ష పౌండ్లు కోరించేవాడు. జేకబ్స్ రెండొందలు కోరించాడు. పదహారేళ్లు పొదుపు ఖాతాల మధ్య గడిపిన మనిషికి తెలుసు, సామాన్యుడు కలలో కూడా లెక్క చూసుకునే కోరుకుంటాడని.

200 పౌండ్ల లెక్క

ఆ అంకె వెనక ఇంకో సంగతి ఉంది. 1897లో బ్రిటన్‌లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది, 1898 జూలై నుంచి అమలైంది. అంతకుముందు 1880 నాటి చట్టం ఉన్నా, తప్పు యజమానిదేనని కార్మికుడి వాళ్లు నిరూపించుకోవాలి. కొత్త చట్టంలో ఆ బాధ లేదు. రైల్వే, ఫ్యాక్టరీ, గని లాంటి చోట్ల పనిలో ప్రమాదం జరిగితే చాలు, పరిహారం ఇవ్వాల్సిందే. కార్మికుడు చనిపోతే అతని మీదే ఆధారపడ్డవాళ్లకు మూడేళ్ల జీతం, లేదా 150 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. ఎంతైనా 300 దాటకూడదు.

కాగితం మీద చిన్న లెక్క వేసి చూద్దాం. వారానికి 25 షిల్లింగులు తెచ్చుకునే కార్మికుడు అనుకోండి. ఏడాదికి 65 పౌండ్లు. మూడేళ్లకు 195. కథలో వచ్చింది 200.

చూశారా? మాయలమారి కోతి చెయ్యి ఇచ్చిన డబ్బు, ఆనాటి చట్టం ఒక మామూలు పనివాడి ప్రాణానికి కట్టిన వెల దాదాపు ఒక్కటే. 1902లో ఈ కథ చదివిన ఇంగ్లీషు కార్మికుడి ఇంట్లో ఆ అంకె వినగానే ఉలిక్కిపడి ఉంటారు. పైగా పట్టు టోపీ మనిషి మాటలు చూడండి. మాకు బాధ్యత లేదు, అయినా ఇస్తున్నాం. కొత్త చట్టం వచ్చినా పాత పెత్తనం మాట పోలేదు. హక్కుగా రావాల్సిన డబ్బును దయ తలచి ఇస్తున్నట్టు చెప్పడం. ఈ కథలో నిజంగా ఒళ్లు గగుర్పొడిచేది కోతి చెయ్యి మెలి తిరగడం కాదు, ఈ నాలుగు మాటలే.

ఫకీరు మనవాడే, భయం వాళ్లది

కథలో ఇండియా ఉంది గానీ ఏ ఊరో లేదు. బ్రిటిష్ సిపాయిలకు 21 ఏళ్లు నిండితే పింఛను వచ్చేది. మోరిస్ లెక్క సరిగ్గా అదే. మన సికింద్రాబాద్ తిరుమలగిరి లాంటి కంటోన్మెంట్లలో అలాంటి తెల్ల సిపాయిలు వేలల్లో ఉండేవారు. వాళ్లలో చాలామంది పేదింటి కుర్రాళ్లే. సొంతూర్లో గిడ్డంగి పని తప్ప వేరే దారి లేనివాళ్లే. ఇంటికి వెళ్లాక చెప్పే కథల్లో పాములు, సాధువులు, మంత్రాలు ఉండేవి. సాధువైనా సన్యాసైనా వాళ్లకు అందరూ ఫకీర్లే.

మూడు కోరికల కథ మాత్రం ఏ ఒక్క దేశానిదీ కాదు. 1690ల్లో ఫ్రెంచి రచయిత చార్లెస్ పెరాల్ట్ రాసిన కథలో ఒకడు మూడు వరాలూ సాసేజీల పాలు చేసి నవ్వులపాలవుతాడు. చచ్చినదాన్ని బతికించబోయి చావు కొనితెచ్చుకోవడం మన పంచతంత్రంలోనూ ఉంది. ముగ్గురు పండితులు విద్య చూపించుకోవడానికి సింహం ఎముకలకు ప్రాణం పోస్తారు. నాలుగోవాడికి చదువు లేదు, బుద్ధుంది. ముందే చెట్టెక్కి కూచుంటాడు. జేకబ్స్ ఆ పాత సరుకునే తీసుకుని ఫ్యాక్టరీ, బాకీ, కంపెనీ మనిషి కలిపాడు. పాత కథల్లో శిక్ష అత్యాశకు పడుతుంది. ఇక్కడ ఆ ముసలాయన చేసిన అత్యాశ ఏముంది? సొంతిల్లు బాకీ లేకుండా ఉండాలనుకున్నాడు. అంతేగా! అందుకే ఈ కథలో నీతి చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు.

గల్ఫ్‌లో చదివితే

ఇదే కథను దుబాయ్‌లోనో దమ్మాంలోనో క్యాంపు గదిలో పడుకుని చదివితే వేరేగా ఉంటుంది. ఇంటి బాకీ, చెల్లి పెళ్లి, ఏజెంటుకు కట్టిన అప్పు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చినా, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినా బయల్దేరేటప్పుడు అందరి కోరికా ఒకటే, అప్పు తీరాలి. అడిగేది రెండొందల పౌండ్లే.

మోరిస్ కూడా మనకు తెలిసినవాడే. చుట్టీ మీద ఊరికి వెళ్లినప్పుడు ఎత్తైన బిల్డింగులు, ఏసీ మాల్స్ గురించి గంటలు గంటలు చెప్తాం. జూలై ఎండలో పరంజా మీద నిలబడటం ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే మాట మారుస్తాం. మనల్ని చూసి పక్కింటి తమ్ముడు నేనూ వస్తానన్నా అంటాడు. ఉన్నచోటే సుఖంరా అని చెప్పినా నమ్మడు. వైట్ నమ్మాడా?

ఇక ఆ పట్టు టోపీ మనిషి. ఇప్పుడాయన గేటు దగ్గర తచ్చాడడు. ఫోన్ చేస్తాడు. కంపెనీ పీఆర్వో కావచ్చు, క్యాంపులో తోటివాడు కావచ్చు. చెప్పలేక మూడుసార్లు కట్ చేసి నాలుగోసారి చెప్పినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

లెక్క కట్టే పద్ధతీ పెద్దగా మారలేదు. బ్రిటన్ చూపిన ఆ దారిలోనే 1923లో ఇండియాలోనూ పరిహార చట్టం వచ్చింది. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం పనిలో ప్రమాదంతో చనిపోతే కుటుంబానికి 24 నెలల మూల వేతనం ఇవ్వాలి. అది 18 వేల దిర్హాంలకు తగ్గకూడదు, 2 లక్షలకు మించకూడదు. మూల వేతనం అంటే అలవెన్సులన్నీ కలిపి చేతికొచ్చే మొత్తం కాదు, కాంట్రాక్టులో 'బేసిక్' అని రాసింది. సంతకం పెట్టేరోజున ఆ గడిలో ఏ అంకె ఉందో చూసుకునేది ఎంతమంది?

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకు భారత ప్రభుత్వ 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' తప్పనిసరి. 2003లో మొదలైంది. 2017లో మార్చిన ప్రకారం ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ఆ పాలసీ కాగితం మన పెట్టెలో ఉంటే ఉపయోగం లేదు. కాంట్రాక్టు కాపీతో పాటు అది ఇంట్లో, నామినీ చేతిలో ఉండాలి. బాధ్యత లేదు, దయతో ఇస్తున్నాం అని ఎవరైనా అన్నప్పుడు, దయ అక్కర్లేదు, ఇది మా హక్కు అని చూపించడానికి ఆ ఇంటివాళ్లకు ఉండేది ఆ కాగితాలే. వైట్ దంపతుల చేతిలో అలాంటి కాగితం ఒక్కటీ లేదు.

మూడో కోరిక

'కోతి చెయ్యి' తర్వాత కూడా జేకబ్స్ నలభై ఏళ్లు బతికాడు. లండన్ శివార్లలోని లాటన్‌లో చాలాకాలం కాపురం ఉన్నాడు. 1943 సెప్టెంబర్ 1న, 80 ఏళ్లు నిండడానికి వారం రోజులుండగా కన్నుమూశాడు. ఆ కథ మాత్రం ఆగలేదు. 1933లో హాలీవుడ్‌లో, 1948లో బ్రిటన్‌లో సినిమాగా వచ్చింది. స్టీఫెన్ కింగ్ 1983లో రాసిన 'పెట్ సెమటరీ' నవల్లోనూ కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఉంటాడు, సమాధిలోంచి తిరిగి రప్పించాలన్న అదే ఆరాటం ఉంటుంది.

కథ చదివాక అందరూ వాదించుకునేది తలుపు అవతల ఎవరున్నారన్న దాని గురించి. తల్లి తలుపు తీయబోవడం తప్పా, తండ్రి ఆపడం తప్పా? ఆమె బిడ్డ ఎలా ఉన్నా సరే కావాలనుకుంది. ఆయన శవాన్ని చూశాడు కాబట్టి భయపడ్డాడు. దూరదేశంలో పోయినవాళ్ల పెట్టె ఊరికి వచ్చినప్పుడు తెరవాలా వద్దా అని అరుగు మీద పెద్దమనుషులు గుసగుసలాడుకోవడం విన్నవాళ్లకు ఈ ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాదు.

ఇంకో విషయం గమనించారా? ఆ రెండొందల పౌండ్లు తర్వాత ఏమయ్యాయో కథలో లేదు. ఇంటి బాకీ తీరిందో లేదో జేకబ్స్ రాయలేదు. ముసలాయన అంతగా కోరుకున్న డబ్బు అది. వచ్చిన క్షణం నుంచీ దాని ఊసెత్తినవాళ్లు లేరు. ఆ ఇంట్లోవాళ్లకూ అక్కర్లేకపోయింది. చదివే మనమూ అడగం.